ఇంగ్లీషు మాటకు ఆనాటి అర్థం పట్టుకోవడం ఎలా: చీటీ రాయడం నుంచి తేల్చడం దాకా

పాత ఇంగ్లీషు నాటకమో, ఉత్తరమో, ప్రార్థనో చదువుతుంటే ఒక మాట దగ్గర ఆగిపోతాం. నిఘంటువు తీస్తే దానికి ఆరు అర్థాలుంటాయి. ఏది తీసుకోవాలి? ఆ రోజుల్లో ఆ మాటను నిజంగా ఎలా వాడేవారో ఎలా తెలుస్తుంది? ఇదే ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంది కాబట్టి, నేను చేసే పద్ధతిని వరసగా రాస్తున్నాను.

నా వరస ఎప్పుడూ ఒకటే: ముందు వాక్యం, తర్వాత తేదీ, మూడోది నిఘంటువు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

1. నిఘంటువు తెరవక ముందు

మాటను ఒంటరిగా రాసుకోవద్దు. అది ఉన్న వాక్యాన్నీ, వీలైతే ముందూ వెనకా ఉన్న ఒక్కో వాక్యాన్నీ రాసుకోండి. కాగితమైనా ఫోన్‌లో నోట్ అయినా సరే, దాన్ని చీటీ అందాం.

చీటీ మీద ఉండాల్సినవి:

- పూర్తి వాక్యం, అచ్చులో ఉన్న స్పెల్లింగ్‌తోనే. తప్పులా కనిపించినా దిద్దవద్దు.
- రచన రాసిన సంవత్సరం, మీ చేతిలోని పుస్తకం అచ్చయిన సంవత్సరం. ఈ రెండూ వేరువేరు.
- రాసినవారు ఇంగ్లండ్‌వారా, స్కాట్లండ్‌వారా, అమెరికావారా.
- రచన ఏ రకం: ప్రార్థన, చట్టం, నాటకం, సొంత ఉత్తరం, వార్త.
- ఆ మాట అక్కడ నామవాచకమా, క్రియా, విశేషణమా.
- ఏదీ చూడకముందు మీకు తోచిన అర్థం, ఒక్క ముక్కలో.

చివరి అంశాన్ని చాలామంది వదిలేస్తారు. నాకు మాత్రం అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది అదే. ముందే ఊహ రాసిపెట్టుకుంటే, తర్వాత నిఘంటువులో మనకు నచ్చిన అర్థాన్ని ఏరుకుంటున్నామేమో ఇట్టే తెలిసిపోతుంది.

ఇంకో మాట. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువుతో మొదలుపెట్టకండి. అందులో ఈనాటి అర్థానికి సరిపోయే తెలుగు మాట ఒకటి దొరుకుతుంది, మనసు దానికే అతుక్కుపోతుంది. తెలుగు మాట వెతుక్కోవడం ఈ పనిలో ఆఖరి మెట్టు.

2. ఏ మాటను అనుమానించాలి

కొరుకుడు పడని మాటతో పెద్ద ప్రమాదం లేదు. 'ఇక్లెప్ట్' కనబడితే ఎవరైనా నిఘంటువు తీస్తారు, 'అనే పేరుగల' అని తెలుసుకుని ముందుకు పోతారు. మోసం చేసేవి రోజూ వాడే తేలిక మాటలు. తెలుసు అనుకుని వాటిని దాటేస్తాం.

ఇవి ఎదురైతే ఆగండి:

- 'మీట్': ఒకప్పుడు ఏ ఆహారమైనా. 'స్వీట్‌మీట్' అనే మాటలో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది.
- 'డియర్', అంటే జింక: మొదట్లో ఏ జంతువైనా. షేక్‌స్పియర్ నాటకంలో ఎలుకలు, పందికొక్కులు కూడా 'చిన్న డియర్'లే.
- 'వాంట్': కోరుకోవడం కంటే ముందు, లేకపోవడం, కొరతపడటం.
- 'సఫర్': బాధపడటమే కాదు, అనుమతించడం కూడా.
- 'సిల్లీ': మొదట ధన్యుడు, తర్వాత అమాయకుడు, నిస్సహాయుడు, చివరికి తెలివితక్కువవాడు.
- 'నైస్': లాటిన్‌లో 'తెలియనివాడు' అనే మాట నుంచి వచ్చింది. ఇంగ్లీషులో మొదట మూర్ఖుడు, తర్వాత అతి సున్నితం, ఆపై సూక్ష్మమైన తేడా. హాయిగా ఉంది, బాగుంది అనే వాడుక 18వ శతాబ్దంలో స్థిరపడింది.
- 'ఆఫుల్': భయభక్తులు కలిగించేది.
- 'బుల్లీ': 16వ శతాబ్దంలో ముద్దు పిలుపు. షేక్‌స్పియర్ పాత్రలు స్నేహితుణ్ని ప్రేమగా అలా పిలుస్తాయి.
- 'గర్ల్': 1300 ప్రాంతంలో ఆడైనా మగైనా, చిన్నపిల్ల అయితే చాలు.

'ప్రెజెంట్లీ' గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఆ మాట దగ్గర నేను స్వయంగా బోల్తా పడ్డాను. ఒక పాత నాటకంలో యజమాని నౌకర్ని 'ప్రెజెంట్లీ' రమ్మంటాడు. 'కాసేపయ్యాక రా' అని రాసుకున్నాను. తర్వాతి వరసలోనే నౌకరు ప్రత్యక్షం. ఆ కాలంలో ఆ మాటకు 'తక్షణం' అని అర్థం. 'సూన్', 'అనాన్', 'బై అండ్ బై' కూడా ఇదే దారిలో జారాయి. అన్నీ ఒకప్పుడు 'వెంటనే' అన్నవే. ఎందుకిలా జారాయన్నది మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 'ఇప్పుడే వస్తా' అని వెళ్లిన మనిషి ఎప్పుడొస్తాడో మనకు తెలుసు కదా.

అనుమానం రావాల్సిన సూచనలు మూడు. వాక్యం వింతగా గానీ నవ్వొచ్చేలా గానీ ఉండటం. మెచ్చుకునే చోట తిట్టు, తిట్టే చోట మెచ్చుకోలు కనబడటం. మాట పక్కన ఈ రోజు రాని విభక్తి గానీ కర్మ గానీ రావడం. వీటిలో ఒక్కటి కనిపించినా చీటీ రాయండి.

3. కాలాన్ని బట్టి నిఘంటువు ఎంచుకోవడం

అన్ని కాలాలకూ ఒకే నిఘంటువు చాలదు. నేను ఇలా విడగొట్టుకుంటాను.

1100కు ముందు: బాస్‌వర్త్–టోలర్ ఆంగ్లో-శాక్సన్ నిఘంటువు. ఆన్‌లైన్‌లో ఉచితం.

1100 నుంచి 1500: మిషిగన్ విశ్వవిద్యాలయం వారి మిడిల్ ఇంగ్లీష్ డిక్షనరీ. ఇదీ ఉచితమే. 14వ శతాబ్దపు కవి చాసర్ కాలపు మాటకు ఇంతకంటే మంచి చోటు లేదు.

1500 నుంచి ఇప్పటిదాకా: ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ, అందరూ ఓఈడీ అనేది. మాట పుట్టినప్పటి నుంచి ప్రతి అర్థానికీ తేదీతో ఉదాహరణలు ఇస్తుంది. ఆన్‌లైన్ ప్రతికి చందా కావాలి. చందా కట్టేముందు మీ లైబ్రరీ గానీ విశ్వవిద్యాలయం గానీ సభ్యులకు ఉచితంగా ఇస్తున్నదేమో కనుక్కోండి. అదీ లేకపోతే, 1884 నుంచి 1928 దాకా వెలువడిన మొదటి ప్రతి స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. అక్కడ 'న్యూ ఇంగ్లీష్ డిక్షనరీ ఆన్ హిస్టారికల్ ప్రిన్సిపుల్స్' అని వెతకాలి, ఎందుకంటే మొదట దాని పేరు అదే.

ఆనాటి మనుషులే రాసిన నిఘంటువులు కూడా చూడండి. బ్రిటన్‌కు శామ్యూల్ జాన్సన్ 1755 నాటిది, అమెరికాకు నోవా వెబ్‌స్టర్ 1828 నాటిది. రెండిట్లోనూ ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతకొచ్చు. మాట ఆ సంవత్సరం ఎలా వినిపించేదో వీళ్లు చెబుతారు. ఆ తర్వాత ఏమవుతుందో పాపం వీళ్లకు తెలియదు, మనకు కావాల్సిందీ అదే.

పుట్టుక త్వరగా చూసుకోవడానికి డగ్లస్ హార్పర్ నడిపే ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ సరిపోతుంది. వీధిభాషకు గ్రీన్స్ డిక్షనరీ ఆఫ్ స్లాంగ్, పల్లె మాండలికాలకు 1898–1905 మధ్య వచ్చిన జోసెఫ్ రైట్ ఆరు సంపుటాల నిఘంటువు.

మీరు పాతకాలపు కథ రాస్తూ, 'ఆ రోజుల్లో దీన్ని ఏమనేవారు' అని తలకిందులుగా వెతుకుతుంటే గ్లాస్గో విశ్వవిద్యాలయం వారి హిస్టారికల్ థెసారస్ చూడండి. భావం ఇస్తే మాటలను తేదీలతో సహా ఇస్తుంది.

4. ఎంట్రీని ఏ వరసలో చదవాలి

ఎంట్రీ అంటే నిఘంటువులో ఒక మాట కింద ఇచ్చిన వివరమంతా. దాన్ని పైనుంచి కిందికి చదువుకుంటూ పోవద్దు. ఇలా చేయండి.

మొదట, అది మీ మాటేనా అని చూడండి. ఒకే స్పెల్లింగ్‌తో రెండు వేరు మాటలు ఉండొచ్చు. 'లెట్' అంటే అనుమతించడం అని అందరికీ తెలుసు. ఇంకో 'లెట్' ఉంది: అడ్డు, ఆటంకం. పాత ఇంగ్లీషులో అవి రెండు వేరు క్రియలు, కాలక్రమంలో రూపం ఒకటైపోయింది. కొన్ని దేశాల పాస్‌పోర్టుల్లో కనిపించే 'వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్' లో ఉన్నది రెండోది. టెన్నిస్‌లో వినపడే 'లెట్' కూడా దాని బంధువే అంటారు. షేక్‌స్పియర్ నాటకంలో హామ్లెట్ తనను పట్టి ఆపే స్నేహితులతో నన్ను 'లెట్' చేసేవాడి అంతు చూస్తానంటాడు. మొదటి అర్థంతో చదివితే ఆ బెదిరింపుకు తలా తోకా ఉండదు.

రెండోది, భాషాభాగం. చీటీ మీద క్రియ అని ఉంటే నామవాచకం ఎంట్రీ జోలికి పోవద్దు.

మూడోది, అర్థాల వరస. ఓఈడీ, మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువులు అర్థాలను పుట్టిన క్రమంలో పేరుస్తాయి. మొదట ఉన్నది అన్నిటికంటే పాతది, ఇప్పుడు ఎక్కువ వాడేది కాదు. విద్యార్థుల కోసం చేసిన నిఘంటువులు మాత్రం వాడుక ఎక్కువ ఉన్నదాన్ని ముందు పెడతాయి. ఏ నిఘంటువు ఏ వరస పాటిస్తుందో దాని ముందుమాటలో ఉంటుంది. రెండు నిమిషాల పని, కానీ ఎవరూ చేయరు.

నాలుగోది, ముద్రలు. 'ఆబ్సొలీట్' అంటే వాడుక పూర్తిగా పోయింది. 'ఆర్కేయిక్' అంటే పాత వాసన కోసం మాత్రమే వాడతారు. 'నాన్స్ వర్డ్' అంటే ఎవరో ఒకరు ఆ ఒక్క సందర్భం కోసం చేసుకున్నది. ఓఈడీ పాత ప్రతుల్లో మాట ముందు కనిపించే చిన్న కత్తి గుర్తు, అది చచ్చిపోయిన మాట అని చెబుతుంది.

చివరిగా ఉదాహరణలు. నిజానికి నిర్వచనం కంటే వీటికే ఎక్కువ సమయం ఇవ్వండి. మీ రచనకు ఓ 30 ఏళ్లు అటూ ఇటూ ఉన్న ఉదాహరణలను మాత్రమే తీసుకుని, మీ వాక్యం పక్కన పెట్టి చదవండి. సరిపోయే అర్థం తనంతట తానే ముందుకొస్తుంది.

5. పాత వాక్యాల వేట

నిఘంటువు ఇచ్చే నాలుగైదు ఉదాహరణలతో తేలకపోతే మీరే వేటకు దిగాలి.

ఎక్కడ:

- ఎర్లీ ఇంగ్లీష్ బుక్స్ ఆన్‌లైన్: 1473 నుంచి 1700 దాకా అచ్చయిన పుస్తకాలు.
- లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు నివేదికలు: 1674 నుంచి 1913 దాకా. సాక్షులు, దొంగలు, దుకాణదారులు మాట్లాడిన తీరు కావాలంటే ఇదే చోటు.
- కార్పస్ ఆఫ్ హిస్టారికల్ అమెరికన్ ఇంగ్లీష్: అమెరికా రచనల భండారం, 1820ల నుంచి, 40 కోట్లకు పైగా మాటలు.
- గూగుల్ బుక్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్: అన్నీ ఉంటాయి, చెత్తతో సహా.

స్పెల్లింగ్ మార్చి వెతకడం ఇక్కడ అసలు కిటుకు. 17వ శతాబ్దం మొదటి సగం దాకా 'వీ', 'యూ' వేరు అక్షరాలుగా స్థిరపడలేదు. పదం మొదట్లో 'వీ', మధ్యలో 'యూ' వేసేవారు. అందుకే 'లవ్' మధ్యలో 'యూ' ఉంటుంది, 'అప్' మొదట్లో 'వీ' ఉంటుంది. 'ఐ', 'జే' సంగతీ అంతే. మాట చివర అదనపు 'ఈ' తగిలించి కూడా చూడండి.

ఇంకో ఉచ్చు పొడుగు 'ఎస్'. 1800 ప్రాంతం దాకా అచ్చులో ఉన్న ఆ అక్షరం 'ఎఫ్' లాగే కనిపిస్తుంది. స్కానింగ్ యంత్రం కూడా మనలాగే పొరపడి 'బెస్ట్'ను 'బెఫ్ట్' అని చదువుతుంది. 18వ శతాబ్దపు పుస్తకాల్లో ఒక మాట అస్సలు దొరకడం లేదంటే, 'ఎస్' ఉన్న చోట 'ఎఫ్' పెట్టి ఇంకోసారి వెతకండి.

గూగుల్ పుస్తకాల్లో ఒక మాట వాడకాన్ని ఏళ్లవారీగా చూపే ఎన్‌గ్రామ్ గీత గురించి తరచూ అడుగుతారు. వాడండి, కానీ దాన్ని నమ్మి ఏదీ తేల్చవద్దు. మాట ఎంత తరచుగా అచ్చయిందో గీత చెబుతుంది గానీ ఏ అర్థంలో అన్నది చెప్పదు. 40 పుస్తకాల్లోనైనా కనిపించని మాటను అది లెక్కలోకే తీసుకోదు కాబట్టి, గీత లేనంత మాత్రాన మాట లేదని కాదు. పెద్దక్షరం, చిన్నక్షరం వేరుగా లెక్కిస్తుంది కాబట్టి ఆ తేడా పట్టించుకోని ఆప్షన్ ఎంచుకోండి. బ్రిటిష్, అమెరికన్ గీతలు విడివిడిగా చూడండి. మాట పక్కన నక్షత్రం గుర్తు పెడితే, దాని వెంట ఎక్కువగా వచ్చే పది మాటలు చూపిస్తుంది. నాకు గీత కంటే ఇదే ఎక్కువ పనికొచ్చింది. మాట సావాసం మారిందంటే అర్థం కూడా కదిలిందన్నమాట.

6. తేదీ ఖాయం చేయడం

దొరికిన వాక్యం ఏ సంవత్సరానిదో తేలకపోతే అది సాక్ష్యం కిందికి రాదు. వెబ్‌సైట్ పక్కన చూపించే సంవత్సరాన్ని నేనెప్పుడూ నేరుగా రాసుకోను. ముఖపత్రం స్కాన్ తెరిచి కళ్లతో చూసుకుంటాను. పత్రికల విషయంలో అయితే మరీ జాగ్రత్త: వందేళ్ల సంచికలన్నిటికీ మొదటి సంచిక సంవత్సరమే తగిలించి ఉండటం మామూలే.

ముఖపత్రం మీద రోమన్ అంకెలుంటాయి. 'ఎం' 1000, 'డీ' 500, 'సీ' 100, 'ఎల్' 50, 'ఎక్స్' 10, 'వీ' 5, 'ఐ' 1. ఎం-డీ-సీ-సీ-ఎల్-వీ అంటే 1755.

1752కు ముందు ఇంగ్లండ్‌లో లెక్కల ప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి 1700 ఫిబ్రవరి అని ఉన్న ఉత్తరం మన లెక్కలో 1701 ఫిబ్రవరిది కావచ్చు. ఒక్క ఏడాది తేడానే గానీ, 'మొట్టమొదటి వాడుక' అని చెప్పబోయే చోట అది కొంప ముంచుతుంది.

పునర్ముద్రణల్లో సంపాదకులు స్పెల్లింగ్ మారుస్తారు, ఒక్కోసారి మాటే మార్చేస్తారు. పాత రచనను కొత్త ప్రతిలో చదివి సాక్ష్యంగా చూపించవద్దు.

7. ఒక్క మాటతో మొత్తం దారి నడిచి చూద్దాం

చీటీ: 'ప్రివెంట్ అస్, ఓ లార్డ్, ఇన్ ఆల్ అవర్ డూయింగ్స్'. ఇంగ్లండ్ చర్చి ప్రార్థన పుస్తకం, 1549. క్రియ. నా మొదటి ఊహ: 'ప్రభూ, మా పనులన్నిటిలో మమ్మల్ని అడ్డుకో'.

ఇలా ఎవరైనా ప్రార్థిస్తారా? వాక్యం నవ్వు తెప్పిస్తోంది కాబట్టి అనుమానం సరైనదే.

పక్క వాక్యం: అదే ప్రార్థనలో వెంటనే 'ఎడతెగని సాయంతో మమ్మల్ని ముందుకు నడిపించు' అనే భావం వస్తుంది. అడ్డుకోమని, ముందుకు నడిపించమని ఒకే ఊపిరిలో ఎవరూ అడగరు.

పుట్టుక: లాటిన్‌లో 'ప్రే' అంటే ముందు, 'వెనీరే' అంటే రావడం. ముందు రావడం. ఇది సూచన మాత్రమే, తీర్పు కాదు.

దగ్గరి కాలపు వాక్యాలు: 1611 బైబిల్ 119వ కీర్తనలో భక్తుడు నేను తెల్లవారుజామును 'ప్రివెంట్' చేశానంటాడు. సూర్యోదయాన్ని ఆపడం కాదు, తెల్లవారకముందే లేచి మొరపెట్టడం. అదే బైబిల్‌లో థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో, బతికున్నవారు నిద్రించినవారిని 'ప్రివెంట్' చేయరని ఉంటుంది. అంటే వారికంటే ముందు వెళ్లరని. అసలు 1611 అచ్చులో ఈ మాట మధ్యలో 'వీ' బదులు 'యూ' ఉంటుంది. ఈనాటి స్పెల్లింగ్‌తో వెతికితే దొరకదు.

ఎదురు సాక్ష్యం: దీన్ని కూడా తప్పక వెతకాలి. 1599 ప్రాంతపు 'జూలియస్ సీజర్' నాటకంలో బ్రూటస్, సీజర్ ప్రమాదకారి కాగలడు కాబట్టి ముందే 'ప్రివెంట్' చేయాలని తనలో తాను అనుకుంటాడు. అక్కడ అర్థం దాదాపు ఈనాటిదే. అంటే రెండు అర్థాలూ ఒకే కాలంలో పక్కపక్కనే బతికాయి. 'ఫలానా సంవత్సరంలో అర్థం మారింది' అని రాయడం ఎందుకు తప్పో ఇక్కడ తెలుస్తుంది.

తర్వాతి సాక్షి: 1755లో జాన్సన్ 'ముందు నడవడం' అనే అర్థాన్ని మొదట పెట్టి, 'అడ్డుకోవడం' అనేదాన్ని చివర పెట్టి, ఇప్పుడు దాదాపు ఇదొక్కటే మిగిలిందని రాశాడు.

మాట నడిచిన దారి: ముందు వెళ్లడం, ముందే చేరుకోవడం, ముందే చేరి దారికి అడ్డంగా నిలబడటం. మధ్య మెట్టు దొరికిందంటే మీ పని సరిగ్గా జరిగినట్టే. మొదటి అర్థం నుంచి చివరిదానికి గెంతు కనబడితే, మధ్యలో ఏదో వదిలేశారు.

తీర్పు: 'ప్రభూ, మేం చేసే ప్రతి పనిలోనూ నీ దయ మాకంటే ముందు నడవాలి'.

8. అరుదైన మాటలకు అదనపు పరీక్షలు

అరుదైన మాటల జాబితాలంటే జనానికి భలే ఇష్టం. 'ఓవర్‌మారో', అంటే ఎల్లుండి, అందులో ఒకటి. మనకు 'ఎల్లుండి' అని రోజువారీ మాట ఉంది, ఇంగ్లీషుకు లేదు. ఒకప్పుడు అందరూ వాడిన మంచి మాటను పోగొట్టుకున్నారన్నట్టు దీన్ని చూపిస్తుంటారు. 1535 నాటి కవర్‌డేల్ బైబిల్‌లో అది ఉన్న మాట నిజం. దానికి బయట దొరికే సాక్ష్యం మాత్రం చాలా తక్కువ. పుస్తకంలో ఉండటం వేరు, జనం నోట్లో ఉండటం వేరు.

అందుకే అరుదైన మాటకు ఈ ప్రశ్నలు వేయండి:

- నిఘంటువు బయట, మామూలు వాక్యంలో ఒక్కసారైనా వాడారా?
- కనీసం ఇద్దరు వేరువేరు రచయితలు వాడారా?
- ఆ వాడకాలు ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినవా?

మొదటి ప్రశ్న ఎందుకంటే, పాత నిఘంటుకారులు లాటిన్ మాటలకు ఇంగ్లీషు తోక తగిలించి చేర్చుకుంటూ పోయారు. హెన్రీ కాకరమ్ 1623 నాటి నిఘంటువులో అలాంటివి ఎన్నో ఉన్నాయి. పొరపాటున పుట్టిన దయ్యపు మాటలు కూడా ఉంటాయి. 1934 నాటి వెబ్‌స్టర్ నిఘంటువులో 'డోర్డ్' అనే మాట సాంద్రత అనే అర్థంతో అచ్చయింది. నిజానికి అది సాంద్రతకు పెద్ద 'డి' 'ఆర్' (లేదా) చిన్న 'డి' గుర్తుగా వాడవచ్చని రాసిన చీటీ. మూడు ముక్కలూ కలిసిపోయి మాటైపోయింది. 1939లో గానీ సంపాదకుల కంట పడలేదు.

ఇంగ్లీషులోకి బయట నుంచి వచ్చిన మాట అయితే, అది పుట్టిన భాషలోని అర్థాన్ని వెంట తెచ్చుకుందో లేదో చూడండి. 'బాండికూట్' మన పందికొక్కే. తర్వాత ఇంగ్లీషువాళ్లు ఆస్ట్రేలియాలో కనిపించిన, పొట్ట దగ్గర సంచి ఉన్న వేరే జంతువుకు కూడా ఆ పేరే పెట్టేశారు. కాబట్టి వాక్యం ఏ దేశం నుంచి వచ్చిందో తెలియకుండా అది ఏ జంతువో చెప్పలేం. ఇలాంటి మాటలకు 1886లో వచ్చిన యూల్, బర్నెల్‌ల 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు మంచి తోడు.

9. కట్టుకథను పసిగట్టడం

'న్యూస్' అంటే నాలుగు దిక్కుల మొదటి అక్షరాలు. 'టిప్' అంటే త్వరగా పని జరగడానికి ఇచ్చేది అనే మూడు మాటల పొట్టిరూపం. 'పాష్' అంటే ఓడ టికెట్ మీద, వెళ్లేటప్పుడు ఎడమ, వచ్చేటప్పుడు కుడి అని కొట్టిన ముద్ర. మూడూ వినడానికి ముచ్చటగా ఉంటాయి, మూడూ నిలబడవు. 'న్యూస్' అంటే 'కొత్త' అనే మాటకు బహువచనం, అంతే. 'టిప్' 17వ శతాబ్దపు దొంగల భాషలో 'అందించు'. అలాంటి ఓడ టికెట్ ఇంతవరకు ఒక్కటీ బయటపడలేదు.

పరీక్ష తేలిక. మొదటి అక్షరాలు కలిపి మాట చేయడం 20వ శతాబ్దానికి ముందు చాలా అరుదు. 'రాడార్' 1940 ప్రాంతానిది, 'లేజర్' 1960 ప్రాంతానిది. అంతకంటే పాత మాటకు ఇలాంటి కథ చెబితే, నాకైతే చదవడం అక్కడితో ఆపేయాలనిపిస్తుంది. కథలో రాజు, ఓడ, చిత్రమైన పందెం ఉంటే అనుమానం రెట్టింపు చేసుకోండి.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

పుట్టుకే అసలైన అర్థం అనుకోవడం. 'డెసిమేట్' పదిమందిలో ఒకర్ని చంపే రోమన్ సైనిక శిక్ష నుంచి వచ్చింది కాబట్టి 'చాలావరకు నాశనం చేయడం' లాంటి ఇంకే అర్థంలో వాడినా తప్పు అని వాదించేవాళ్లున్నారు. ఆ లెక్కన మన 'కంపు'ను ఇప్పుడు ఏం చేయాలి? పాత కావ్యాల్లో అది పువ్వుల పరిమళానికి కూడా వచ్చింది. విరుగుడు: పుట్టుకను సూచనగా రాసుకోండి, తీర్పు మాత్రం దగ్గరి కాలపు వాక్యాలకు వదిలేయండి.

మొదటి ఉదాహరణ తేదీని పుట్టినరోజు అనుకోవడం. 'కంప్యూటర్' ఓఈడీలో 1613 నుంచి ఉంది, లెక్కలు కట్టే మనిషి అనే అర్థంలో. దాని అర్థం 1613లో పుట్టిందని కాదు, ఇప్పటిదాకా దొరికిన వాటిలో అది పాతదని. విరుగుడు: 'కనీసం 1613 నుంచి' అని రాయండి.

తెలిసిన ముక్కతో పోల్చేయడం. 'వేర్‌ఫోర్' లో 'వేర్' ఉంది కదా అని జూలియట్ 'రోమియో ఎక్కడున్నావు' అని అడుగుతోందనుకుంటారు. 'నువ్వు రోమియోవి ఎందుకయ్యావు' అన్నది ఆమె గోడు. విరుగుడు: సంయుక్త పదాన్ని మొత్తంగా వెతకండి, విడగొట్టి ఊహించవద్దు.

అక్షరాన్ని తప్పుగా చదవడం. దుకాణాల బోర్డుల మీద 'యీ ఓల్డ్' లోని మొదటి మాట 'ద'. 'థార్న్' అనే పాత అక్షరం రానురాను 'వై' లాగా కనిపించసాగింది, అంతే. విరుగుడు: పాత అక్షరాల పట్టిక ఒకటి పక్కన ఉంచుకోండి.

ఒక్క రచయిత వాడుకను కాలమంతటికీ అంటగట్టడం. దీనికి విరుగుడు చిన్నది: ముగ్గురు రచయితలు, రెండు రకాల రచనలు. అంతకంటే తక్కువైతే తేలలేదనే రాయండి.

11. తేలినదాన్ని రాసిపెట్టుకోవడం

నా చీటీ ఒకటి ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

మాట: 'మీట్ ఆఫరింగ్'. నామవాచకం.
ఎక్కడ: 1611 బైబిల్, లేవీయకాండం 2వ అధ్యాయం.
మొదటి ఊహ: మాంసార్పణ.
అక్కడి అర్థం: ఆహార అర్పణ, ఇక్కడ ధాన్యపు పిండితో చేసినది.
ఆధారం: అదే అధ్యాయంలో మెత్తని పిండి, నూనె, సాంబ్రాణి ఉన్నాయి, మాంసం ఊసే లేదు. ఓఈడీలో 'మీట్'కు ఆహారం అనేదే పాత అర్థం.
ఎదురు సాక్ష్యం: మాంసం అనే అర్థం కూడా అప్పటికే వాడుకలో ఉంది. ఇక్కడ సరిపడదు.
తెలుగులో: నైవేద్యం.
నమ్మకం: గట్టిది.

చివరి వరసలో నేను మూడు మాటలే వాడతాను: గట్టిది, బహుశా, తేలలేదు. తేలలేదని రాసిన చీటీలు విడిగా ఒక కట్ట కట్టి పెట్టుకోండి. ఓఈడీ మూడు నెలలకోసారి కొన్ని ఎంట్రీలను సవరిస్తుంది, కొత్త ఉదాహరణలు చేరుస్తుంది. ఏడాదికోసారి ఆ కట్ట విప్పి మళ్లీ వెతికితే ఒకటో రెండో చీటీలు 'బహుశా'లోకి మారతాయి.